రిలీవర్ రాని ఆఫీసు

తాతబ్బాయి మామూలుగా మాట్లాడితే పక్కింటికి వినిపిస్తుంది. కాస్త హుషారుగా మాట్లాడితే వీధి చివరి దాకా వినిపిస్తుంది. భిలాయి సెక్టర్ 2లో ఆ వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు మొదట్లో ఆ క్వార్టర్లో రోజూ గొడవలేనని అనుకుంటారు. కొన్నాళ్ళు పోయాక తెలుస్తుంది, అతను భార్యని మజ్జిగ అడుగుతున్నాడని.

ఉద్యోగమంతా బ్లాస్ట్ ఫర్నేస్ ముందు చేసిన మనిషి. కరిగిన ఇనుము కాలవలోకి దూకే చోట మామూలు గొంతు పనికిరాదు. అరవాలి, లేదా చేత్తో చెప్పాలి. అందుకే అతనికి గొంతూ పెద్దదే, చేతులూ ఊరుకోవు. ‘చాలు’ అనడానికి రెండు అరచేతులు అడ్డంగా ఊపుతాడు. ‘ఇటు రా’ అనడానికి భుజం దగ్గర్నుంచి మొత్తం చెయ్యి తిప్పుతాడు. ఒక పెళ్ళి పంక్తిలో కూర్చుని అలా తిప్పితే వడ్డించేవాళ్ళు నలుగురూ బకెట్లతో పరుగెత్తుకొచ్చారని అతని భార్య అప్పలనర్సమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

అతని తండ్రి గజపతినగరం వైపు నుంచి, ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తాతబ్బాయి పుట్టిందీ, చదివిందీ, ఉద్యోగంలో చేరిందీ భిలాయిలోనే. బయట హిందీ, కూరగాయల బజార్లో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో నాన్న ఊరి తెలుగు. వాళ్ళ వరండాలో కూర్చుని నేను విన్న సంగతులివి. అతను చెప్పినవి కొన్ని, ఆమె మధ్యలో ఆపి సరిదిద్దినవి కొన్ని.

కిందటేడు ఎండల్లో ఒకరోజు, ఫర్నేస్ నుంచి ఇనుము తీయడం అయ్యాక, నీళ్ళు తాగుతూ కూర్చున్న తాతబ్బాయి కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. అప్పుడే తర్వాతి షిఫ్టుకి వస్తున్న చిట్టిబాబు భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. ఆసుపత్రిలో బీపీ అన్నారు, మందులిచ్చారు. ఆరు నెలల పాటు వేడి దగ్గరికి వెళ్ళకూడదు, తర్వాత మెడికల్ బోర్డు మళ్ళీ చూసి, ఫర్నేస్‌కి పంపాలా వద్దా అన్నది తేలుస్తుందని చెప్పారు. అంతవరకు తేలిక పని. సెక్టర్ 4లో క్వార్టర్ల మరమ్మతులు చూసే ఆఫీసులో వేశారు.

“ఆర్నెల్లే,” అన్నాడు తాతబ్బాయి ఇంటికొచ్చి. “తరవాత నా ఫర్నేసు నాదే.”

“ఆర్నెల్ల తరవాత కూడా అక్కడే ఉంచీమని ఆ అప్పన్నకి మొక్కుకుంతాను,” అంది అప్పలనర్సమ్మ.

“నీ మొక్కు ఆయన వినడు.”

“నీ మాటా వినడులే. చూద్దుము.”

ఆ ఇంట్లో ఆరు నెలలూ నడిచింది ఈ ఒక్క మాటే. అతను తిరిగి వెళ్ళాలని, ఆమె వెళ్ళకూడదని.

మొదటి నెల మాత్రం అతనికి బాగానే ఉంది. చెప్పాలంటే సరదాగా ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని పనికి వెళ్ళడం పెళ్ళికి వెళ్తున్నట్టు అనిపించేదట. కుర్చీ, నెత్తిమీద ఫ్యాను, పదకొండింటికి టీ. చెమట పట్టకుండా సాయంత్రమయ్యేది. ఆ ఆఫీసులో మణిమాల అనే ఆవిడ గుమస్తా. ఆవిడా భిలాయిలో పుట్టిన మనిషే, తండ్రి రైల్వేలో చేసి వచ్చాడు. పై అధికారి సంజయ్. వయసులో చిన్నవాడు, ఇంజనీరు. తల్లిదండ్రులు విజయనగరంవాళ్ళే అయినా అతనికి తెలుగు కంటే హిందీ తొందరగా వస్తుంది.

ఫర్నేస్ మనిషి వచ్చాడని ఆ ఆఫీసుకీ కొత్తే. “అన్నయ్యగారూ, నిజంగా నిప్పు పక్కనే నడుస్తారా?” అని మణిమాల అడిగితే, తాతబ్బాయి లేచి నిలబడి బల్లల మధ్యన కాలవ ఎలా పోతుందో, దాని పక్కన ఎక్కడ అడుగెయ్యాలో, ఎక్కడ వెయ్యకూడదో నడిచి చూపించేవాడు. మురుగు పైపు గురించి చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళు ఆ సంగతి మరిచిపోయి వింటూ నిలబడేవారు.

ఫోను దగ్గరే ఇబ్బంది వచ్చింది. ఒకాయన కుళాయి కారుతోందని ఫోన్ చేశాడు. తాతబ్బాయి “ఏ సెక్టరు? ఏ బ్లాకు? చెప్పండి!” అన్నాడు. అవతలాయన ఫోన్ పెట్టేసి, సంజయ్ నంబరుకి చేసి, “కుళాయి కారుతోందంటే మీవాడు కొట్టేలా ఉన్నాడండీ,” అన్నాడు. అప్పట్నుంచి మణిమాల అతని బల్ల మీద ఒక దిండు గుడ్డ పెట్టింది. “ఇది రిసీవర్ మీద కప్పి మాట్లాడండన్నయ్యగారూ,” అంది. అతను నిజంగానే కప్పి మాట్లాడాడు. కొన్నాళ్ళు అదీ ఒక నవ్వులాట.

తర్వాత సరదా తీరింది.

ఏ రోజు నుంచో అతను చెప్పలేడు. ఒక రోజు పొద్దున్న చొక్కా తొడుక్కుంటుంటే ఇస్త్రీ లేదు, అడగాలని కూడా అనిపించలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది కానీ దాని కింద కూర్చున్నానన్న ఎరుక పోయింది. ఫర్నేస్ కథలు అయిపోయాయి. మొదలుపెడితే చివర మణిమాలే చెప్పేస్తోంది, “అప్పుడు చిట్టిబాబు గారు ఈల వేశారు, అంతే కదా?” అని, టైపు చేస్తూనే. గోడ చెమ్మ, మూత లేని ట్యాంకు, పూడుకుపోయిన సింకు. నిన్న చెప్పినవాళ్ళే ఇవాళా చెప్పేవారు. కుర్చీలో అటూ ఇటూ కదిలేవాడు. మరీ తోచనప్పుడు సైకిలు తీసుకుని ప్లంబర్ల వెంట సెక్టర్లు తిరిగి, ఏ వీధి నీళ్ళకి ఏ వాల్వో, అది ఏ చెట్టు పక్కన ఏ మూత కింద ఉందో చూసి వచ్చేవాడు.

పని లేకపోవడం కాదు అతన్ని తిన్నది. సాయంత్రం వెళ్ళిపోవడం.

ఫర్నేస్ దగ్గర షిఫ్టు అయిపోయిందని ఎవడూ లేచి వెళ్ళడు. రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టువాడు, రావాలి. వచ్చినవాణ్ణి వెంటబెట్టుకుని కాలవ పొడుగునా నడవాలి. ఇక్కడ ఇసక తడిగా ఉంది చూసుకో, ఆ గొట్టం బిగిసింది, ఈ మనిషి ఇవాళ నలతగా ఉన్నాడు. అన్నీ చెప్పాలి. విన్నవాడు ఒక్కొక్కటీ తిరిగి అనాలి. అప్పుడు ‘చార్జ్ తీసుకున్నాను’ అంటాడు. అప్పుడే నీ కాళ్ళు నీవి. రిలీవర్ రాకపోతే ఇంకో షిఫ్టు నువ్వే. ఏళ్ళ తరబడి తాతబ్బాయి తర్వాత వచ్చింది చిట్టిబాబే. ఇద్దరూ ఒకరి ఇంటికి ఒకరు ఎక్కువగా వెళ్ళింది లేదు. ఒకడు ఇంటికి వెళ్ళే వేళకి ఇంకొకడు డ్యూటీలో ఉంటాడు మరి. అయినా అంత దగ్గరివాడు తనకింకెవరూ లేరంటాడు.

ఈ ఆఫీసులో ఐదున్నర కాగానే కుర్చీలు వెనక్కి జరిగేవి. సంచులు భుజానికెక్కేవి. సగం రాసిన ఫిర్యాదు సగంలోనే ఉండేది. తాతబ్బాయి కూర్చునే ఉండేవాడు.

“అన్నయ్యగారూ, ఇంటికి వెళ్ళరా?” అని మణిమాల గుమ్మంలోంచి అడిగింది.

“మీరెల్లండమ్మా. ఇంకా ఎవులూ రాలేదు కదా.”

“ఎవరు రావాలి?”

“నా చోటికి.”

ఆవిడకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తలుపు పట్టుకుని నవ్వింది. సంజయ్‌ని వెనక్కి పిలిచి చెప్పింది. సంజయ్ కూడా నవ్వాడు. “అంకుల్, ఇది జనరల్ షిఫ్టు, పగలొక్కటే. రేపు పొద్దున్న మీ రిలీవర్ మీరే.”

తాతబ్బాయీ నవ్వాడు. నవ్వాడే కానీ లేవలేకపోయాడు. గేటుకి తాళం వేసే పునారామ్ వచ్చి చీపురు టకటకలాడిస్తే తప్ప కదిలేవాడు కాదు. బయటికి వచ్చాక కూడా ఏదో వదిలేసి వస్తున్నట్టు, దొంగతనంగా పోతున్నట్టు ఉండేదట.

“ఆపీసు ఐదున్నరకే అయిపోద్దని అందరూ అంతన్నారు. నువ్వు దీపాలెట్టాక ఒస్తన్నావు. ఎక్కడికెల్తన్నావేటి?” అని అప్పలనర్సమ్మ నిలదీసింది.

“ఎక్కడికీ లేదు. కూకుంతన్నాను.”

“ఊరికే కూకుంతారేటి ఎవులైనా?”

“అదే కదా నానూ అంతన్నాను! అది మన పని కాదు. మనకి ఫర్నేసే కరెస్టు.”

ఒక ఆదివారం చిట్టిబాబు చూడ్డానికి వచ్చి ఈ మాటకి ఇంకాస్త గాలి కొట్టాడు. “నీ చోట వేసిన కొత్త కుర్రోడు చార్జ్ ఇవ్వడం లేదురా. ఫోన్ చూసుకుంటూ ‘సబ్ ఠీక్ హై’, అంతా బాగుందని అనేసి పోతన్నాడు. ఏటి ఠీకో, ఏది ఠీకో! నువ్వు ఒచ్చీ బాబూ,” అన్నాడు. తాతబ్బాయి ఆ రాత్రి అన్నం ఎక్కువ తిన్నాడని అప్పలనర్సమ్మ గుర్తు పెట్టుకుంది.

అలా కూర్చోవడంలో ఇంకోటి జరిగింది. అందరూ వెళ్ళాక మోగే ఫోను తాతబ్బాయి ఎత్తేవాడు. అసలు ఆఫీసు వేళ దాటాక నీళ్ళ విషయమైతే ట్యాంకు దగ్గర కంట్రోల్ రూముకి చెయ్యాలి. అక్కడ రాత్రింబగళ్ళు మనుషులుంటారు. ఆ సంగతి తాతబ్బాయికి చెప్పారు కూడా. కానీ చేతి దగ్గర ఫోను మోగుతుంటే ఎత్తకుండా ఎలా ఉంటాడు?

ఆ శనివారం చీకటి పడబోతుండగా మోగింది. సెక్టర్ 2లో పార్కు మూల దగ్గర పైపు పగిలి రోడ్డంతా నీళ్ళు పోతున్నాయని. ఫలానా చోటని వినగానే తాతబ్బాయికి వాల్వు ఎక్కడుందో కళ్ళకి కట్టింది. ఇంగ్లీషు ‘టీ’ అక్షరం ఆకారంలో ఉండే పొడుగాటి ఇనపకడ్డీ సైకిలుకి కట్టుకుని వెళ్ళాడు. మూత తీసి, కడ్డీ దింపి, బలంకొద్దీ తిప్పి వాల్వు కట్టేశాడు. రోడ్డు మీద నీళ్ళు ఆగిపోయాయి. అక్కడున్న ఇద్దరు ముగ్గురు మెచ్చుకున్నారు కూడా. చాలా రోజుల తర్వాత చేతులకి పని దొరికింది.

తిరిగి ఆఫీసుకి వచ్చాడు. ఇప్పుడు చార్జ్ ఇవ్వాలి. ఉన్నది పునారామ్ ఒక్కడే. అతన్నే నిలబెట్టి, పైపు ఎక్కడ పగిలిందో, ఏ వాల్వు కట్టేశాడో, అతుకు వేశాక మళ్ళీ ఎలా తెరవాలో అన్నీ చెప్పాడు. “రేపు వచ్చేవాళ్ళకి చెప్పు,” అన్నాడు హిందీలో.

“హౌ దాదా, బతా దూంగా,” అన్నాడు పునారామ్. చెప్తానన్నాడు.

తాతబ్బాయి ఆ రోజు తేలిగ్గా ఇంటికి వెళ్ళాడు. హాయిగా నిద్రపోయాడు.

ఆదివారం పొద్దున్న నీళ్ళు వచ్చే వేళకి వీధిలో కుళాయిలన్నీ గాలి చప్పుడు చేసి ఊరుకున్నాయి. ఇళ్ళమీది ట్యాంకుల్లో ముందురోజు నీళ్ళు స్నానాలు కాకుండానే అయిపోయాయి. ఆడవాళ్ళు బకెట్లతో బయటికి వచ్చారు. తాతబ్బాయి లోపల ఉప్మా తింటున్నాడు. అప్పలనర్సమ్మ గొంతు అన్నిటికంటే పైన వినిపిస్తోంది.

“సేతులు పడిపోనూ, ఎవుడో కట్టీసినాడు! నీళ్ళు రాకపోడమేటి, పండగ పూట కాదు, ఏటి కాదు!”

“పైపు పగిలిందట పార్కు దగ్గర, నిన్న సాయంత్రం ఎవరో వచ్చి మూసేశారట,” అంది ఎదురింటి శ్రీలక్ష్మి టీచరు. “మూసినవాళ్ళు బాగు చెయ్యొద్దూ? ఇంట్లో చుట్టాలున్నారు నాకు.”

“మూసినోడి ఇంట్లో కూడా ఇలగే నీళ్ళు లేకుండా పోవాల!” అంది అప్పలనర్సమ్మ.

తాతబ్బాయి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. తను కట్టిన వాల్వు పార్కు మూలకే కాదు, ఆ మూల తర్వాత వచ్చే తన వీధి మొత్తానికీ. ఆ సంగతి నిన్న అతనికి తెలియక కాదు. ఈపాటికి తర్వాతివాళ్ళు అతుకు వేసి తెరిచేసి ఉంటారనుకున్నాడు. తర్వాతివాళ్ళంటే ఎవరు? ఆదివారం ఆ ఆఫీసులో పిట్ట కూడా ఉండదు.

చెయ్యి కడుక్కోవడానికీ నీళ్ళు లేవు. లుంగీకి తుడుచుకుని సైకిలెక్కాడు. కడ్డీ ఆఫీసులో తాళం వెనకాల ఉంది. పునారామ్‌ని ఇంటికెళ్ళి లేపాడు.

“చెప్పలేదా నువ్వు?”

“ఎవరికి చెప్పను దాదా? రేపు వచ్చేవాళ్ళకి అన్నావు. ఇవాళ ఎవరూ రారు కదా. సోమవారం వస్తారు, అప్పుడు చెప్దామని గుర్తు పెట్టుకున్నా.” పునారామ్ మొహంలో తప్పు చేసిన ఛాయ లేదు. నిజానికి అతను చేసిన తప్పూ లేదు.

కంట్రోల్ రూముకి ఫోన్ చేస్తే వాళ్ళు మనుషుల్ని పంపారు. అతుకు వేయడానికి ఎంతోసేపు పట్టలేదు. తెరవడం మాత్రం తానే తెరుస్తానన్నాడు తాతబ్బాయి. వంగి కడ్డీ తిప్పుతుంటే కళ్ళముందు నల్లటి తెర పడింది. కడ్డీని రెండు చేతులా పట్టుకుని, తిప్పుతున్నట్టే నిలబడ్డాడు. కాసేపటికి వెలుగొచ్చింది. ఎవరూ చూడలేదు. చూసినవాళ్ళు వేరే సంగతి చూస్తున్నారు. వీధి వీధంతా బకెట్లు పట్టుకుని వచ్చి నిలబడి ఉంది, ముందు వరసలో అప్పలనర్సమ్మ.

“ఓలమ్మో! నువ్వేనేటి కట్టీసింది!”

శ్రీలక్ష్మి టీచరు చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతకుముందు పెట్టిన శాపాలన్నీ ఎవరికి తగిలాయో అర్థమై మిగిలినవాళ్ళు ఘొల్లుమని నవ్వారు. అప్పలనర్సమ్మ నవ్వలేదు. ఇంటికొచ్చాక కూడా నవ్వలేదు. “నీ మొగం తెల్లగా ఉందేటి?” అని మాత్రం అడిగింది. “నీళ్ళు లేక,” అన్నాడు అతను.

సోమవారం సంజయ్ తన గదిలోకి పిలిచాడు. తలుపు వేయలేదు, అందరికీ వినిపించింది. అతనికి ఇళ్ళనుంచి వచ్చిన ఫోన్లకి లెక్కలేదు.

“అంకుల్, ఎవరు కట్టమన్నారు మిమ్మల్ని? కంట్రోల్ రూముకి ఒక్క ఫోన్! అంతే కదా మీ పని?”

“నీళ్ళు పోతన్నాయి బాబూ. ముందు ఆపీసి, తరవాతోడికి చార్జ్ ఇచ్చీసినాను.”

“ఎవరా తర్వాతవాడు? పునారామ్? యార్, ఇది ఫర్నేస్ కాదు. ఇక్కడ మీ వెనకాల ఎవరూ రారు! మీకంత ఇష్టమైతే ఫర్నేస్‌కే వెళ్ళిపోండి. వచ్చే నెల బోర్డు కదా.”

ఐదు నెలలుగా తాతబ్బాయి అంటున్న మాటే అది. సంజయ్ నోటివెంట వింటే మాత్రం ఎవరో మెడపట్టి గెంటినట్టయింది. బయటికి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. మణిమాల టీ తెచ్చి పెట్టింది.

రెండు రోజులు అతను ఎవరితోనూ మాట్లాడలేదు. గొంతు లేని తాతబ్బాయి ఆఫీసుకి కొత్త. మూడో నాడు ఐదు దాటాక ఫోను దగ్గరికి జరుపుకుని కంట్రోల్ రూముకి చేశాడు. సెకండ్ షిఫ్టులో రాజగోపాల్ అనే ఆయన ఎత్తాడు.

“ఎక్కడ పగిలింది?” అన్నాడు రాజగోపాల్.

“ఎక్కడా పగల్లేదు. చార్జ్ ఇద్దామని చేసినాను.”

“ఏ చార్జ్?”

“ఇయాల మిగిలిపోయినవి. సెక్టర్ నాలుగులో స్కూలు ఎనకాల వాల్వు కాడ చెమ్మ ఉంది. ఇయాలకి పరవాలేదు గానీ రాత్రి ఫోనొస్తే అదే అనుకోండి. రెండులో ఆదివారం ఏసిన అతుకు గట్టిగా ఉంది. అంతే.”

“ఇవన్నీ నాకెందుకు చెప్తున్నారు సార్?”

“మీరు రాత్రంతా ఉంతారు కదా. నాను ఎల్లిపోతన్నాను.”

“సరే.”

“సరే కాదు బాబూ. ఒకపాలి తిరిగి చెప్పండి.”

రాజగోపాల్ నవ్వుకుంటూ తిరిగి చెప్పాడు. తాతబ్బాయి రిసీవర్ పెట్టి, లేచి, అందరితోపాటు గుమ్మం దాటాడు. సంజయ్ తన గదిలోంచి చూశాడు.

ఆ రాత్రే స్కూలు వెనకాల వాల్వు పగిలిందని చెప్తే కథ బాగుండేది. పగల్లేదు. వారం పది రోజులు ఏమీ జరగలేదు. రాజగోపాల్ మాత్రం ఒక రోజు ఫోన్ కొంచెం ఆలస్యమైతే తనే చేసి, “ఏం సార్, ఇవాళ చార్జ్ లేదా?” అన్నాడు. షిఫ్టు మారి ఇంకొకడు వస్తే వాడికీ చెప్పి ఉంచాడు, సెక్టర్ నాలుగు నుంచి పెద్ద గొంతు ఒకటి వస్తుంది, చెప్పింది తిరిగి చెప్పందే వదలదు అని. మణిమాల ఐదు కాగానే, “అన్నయ్యగారూ, ఇరవై రెండో బ్లాకుది కూడా చెప్పండి, ఇవాళ అవలేదు,” అని అందించడం మొదలుపెట్టింది.

బోర్డు రోజు రానే వచ్చింది. చిట్టిబాబు పొద్దున్నే ఫోన్ చేశాడు. “కళ్ళు తిరుగుతున్నాయా అని అడుగుతారు. లేదని చెప్పీ, అంతే. సోమవారానికి నా ముందు నువ్వే.” అప్పలనర్సమ్మ వెంట వచ్చింది. వద్దన్నా వచ్చి బయట బెంచీ మీద కూర్చుంది. ఆ రోజు ఆమె మొక్కు గురించి మాట్లాడలేదు, బెదిరించలేదు. సంచిలో మాత్రలు, నీళ్ళ సీసా సర్దుకుంది.

డాక్టరమ్మ బీపీ చూసింది. కాగితాలు చూసింది. “మందులతో అదుపులోనే ఉంది. తిరిగి వెళ్ళాలని ఉందా?” అంది హిందీలో.

“ఉంది మేడమ్.”

“కళ్ళు తిరగడం, చీకట్లు కమ్మడం ఈ ఆరు నెలల్లో ఏమైనా?”

లేదనే మాట నాలుక చివరే ఉందట. అనడానికి నోరు తెరిచాడు కూడా. తర్వాత ఏమైందో వరండాలో నాకు అతనే చెప్పాడు, ఈసారి నెమ్మదిగా, పక్కింటికి వినపడనంత నెమ్మదిగా.

“చార్జ్ ఇచ్చినప్పుడు చెడ్డది ముందు చెప్పాలండి. బాగున్నది చెప్పకపోయినా పరవాలేదు. గొట్టం బిగిసింది, ఇసక తడిగా ఉంది అని దాచీసి పోతే, ఎనక ఒచ్చినోడు కాల్తాడు. నాను లేదనీసి పోతే, అక్కడ పడితే, నా ఎనక ఒచ్చీది ఎవుడు? చిట్టిబాబే. నన్ను ఎత్తడానికి నిప్పు పక్కకి ఒచ్చీది ఆడే. ఆ కుర్రోడు సబ్ ఠీక్ హై అనీసి పోతన్నాడని ఆణ్ణి తిట్టుకున్నాం. మరి నానేటి చెప్పబోతన్నాను?”

డాక్టరమ్మకి చెప్పేశాడు. వాల్వు దగ్గర ఒకసారి. అంతకుముందు స్నానాల గదిలో ఒకసారి. అది అప్పలనర్సమ్మకి కూడా తెలీదు. డాక్టరమ్మ రాసుకుంది. ఇక వేడి దగ్గర పని లేదని, ఉన్న ఆఫీసులోనే రిటైరయ్యే దాకా అని చెప్పింది. అంతా కలిపి టీ తాగేంతసేపు కూడా పట్టలేదు.

బయటికి వచ్చేసరికి అప్పలనర్సమ్మ లేచి నిలబడింది. అతను రెండు అరచేతులు అడ్డంగా ఊపాడు. ఆ సైగకి అర్థం ఆమెకి తెలుసు. చాలు, అయిపోయింది. ఆమె కోరుకున్నదే జరిగింది. అయినా అతని మొహం చూసి సంతోషమని బయటికి అనలేదు.

“నీళ్ళు తాగు,” అంది సీసా మూత తీసి.

తాగాడు. “చిట్టిబాబుకి నువ్వు సెప్పు. నా వల్ల కాదు.”

“సెప్తానులే.”

“నువ్వింటికెల్లు. నాను ఆపీసుకెల్తాను.”

“ఇయాల సెలవు పెట్టినావు కదా!”

“సెలవైతే మటుకు, సాయంత్రం ఎవులు చెప్తారు కంట్రోల్‌కి?”

ఆమె ఆపలేదు. ఆటో ఎక్కించి పంపింది. అతను సెక్టర్ 4 చేరేసరికి ఐదు దాటిపోయింది. ఆదరాబాదరాగా మెట్లెక్కి గుమ్మంలో ఆగాడు.

అతని కుర్చీలో మణిమాల కూర్చుని ఉంది. చెవి దగ్గర ఫోను. “రాజగోపాల్ గారూ, మా అన్నయ్యగారు ఇవాళ లేరు, నేనే చెప్తున్నా. రాసుకోండి. రెండులో గుడి పక్క ట్యాంకు మూత లేదు, పిల్లలు ఎక్కుతున్నారు, అది ముందు. ఇరవై రెండో బ్లాకు అయిపోయింది...”

పార్కు మూల అతుకు సంగతి చెప్పలేదని తాతబ్బాయి నోరు తెరిచాడు. ఆవిడ చూసి, ఆగమన్నట్టు అరచెయ్యి ఎత్తి, “...పార్కు మూల గట్టిగానే ఉంది. ఇప్పుడు మీరు తిరిగి చెప్పండి,” అంది. అవతల్నుంచి చెప్తుంటే కళ్ళు మూసుకుని విని, ఫోను పెట్టేసింది. అప్పుడడిగింది, “ఏమన్నారు అక్కడ?”

“ఇక్కడే అన్నారు.”

“హమ్మయ్య. నాకీ కుర్చీ అస్సలు బాలేదు అన్నయ్యగారూ, ఒక కాలు ఊగుతోంది. ఇన్నాళ్ళు ఎలా కూర్చున్నారో!” అంటూ సంచి భుజానికి వేసుకుంది.

సంజయ్ గదికి గొళ్ళెం పెట్టి వస్తూ, “అంకుల్, రేపు సెక్టర్ 2 ప్లంబర్లతో మీరూ వెళ్ళండి,” అని చెప్పి మెట్లు దిగిపోయాడు. తాతబ్బాయి ఒకసారి గదంతా చూశాడు. చెప్పడానికేమీ మిగల్లేదు. పునారామ్ చీపురు పట్టుకుని వచ్చేసరికి అతను కింద సైకిలు తాళం తీస్తున్నాడు. అది నిన్న సాయంత్రం నుంచీ అక్కడే ఉందని, తను ఆటోలో వచ్చానని అప్పుడు గుర్తొచ్చింది. నిన్న ఇక్కడే వదిలి నడిచి వెళ్ళాడు, బోర్డు ఆలోచనలో.

ఇంకా వెలుతురుండగానే ఇల్లు చేరాడు. అప్పలనర్సమ్మ వాకిట్లో శ్రీలక్ష్మి టీచరుతో మాట్లాడుతూ ఉంది.

“ఏటి, అప్పుడే ఒచ్చీసినావు?”

“ఆపీసు అయిపోయింది,” అన్నాడు, వీధి చివరిదాకా వినిపించేలా.